జీడిపప్పు ధర మా నాన్న చేతిలో లేదు. మరి నష్టానికి ఫ్యాక్టరీ ఎందుకు ఆడిస్తున్నట్టు?

కాశీబుగ్గ అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గ. నాన్నకి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. ఒక షెడ్డు, ఒక బాయిలర్, ఒక డ్రైయర్, కటింగుకీ పీలింగుకీ కలిపి పద్దెనిమిది మంది ఆడవాళ్లు. అంతే మా ఫ్యాక్టరీ. నేను శ్రీకాకుళంలో డిగ్రీ రెండో సంవత్సరం, ఎకనామిక్స్.

మా క్లాసులో ఇప్పుడు మార్కెట్ నిర్మాణాలు చెబుతున్నారు. ఉపాంత వ్యయం (ఇంకొక్కటి తయారుచేయడానికి అయ్యే ఖర్చు), ఉపాంత రాబడి (ఇంకొక్కటి అమ్మితే అదనంగా వచ్చేది) సమానమైన చోట సంస్థ ధరనీ ఉత్పత్తినీ నిర్ణయిస్తుందని రాసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే నాన్న ధర నిర్ణయించడం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే బ్రోకరుకి ఫోన్ చేసి "ఇవాళ 240 ఎంత, 320 ఎంత, బద్ద ఎంత" అని అడుగుతారు. 240, 320 అనేవి పప్పు గ్రేడులు, బద్ద అంటే విరిగిన పప్పు. వాళ్లు చెప్పింది పుస్తకంలో రాసుకుంటారు.

ఈ సెలవుల్లో ఆ పుస్తకం తీసి లెక్క కట్టాను. 80 కిలోల పిక్కల (పెంకుతో ఉన్న జీడి గింజల) బస్తా ఏప్రిల్‌లో 12,000కి కొన్నాం. కూలి, కట్టెలు, కరెంటు, టిన్నులు కలిపి బస్తాకి 2,400. బస్తాకి 21 కిలోల పప్పు దిగుతోంది. గ్రేడులన్నీ కలిపి సగటున కిలోకి 700 వస్తోంది. అంటే 14,700. ఇది కాక షెడ్డు అద్దె, బాయిలర్ లోను కిస్తీ, వాచ్‌మన్ జీతం నెలకి లక్ష. నెలకి వంద బస్తాలు ఆడిస్తున్నాం. ఎలా చూసినా నెలకి 70 వేలు నష్టం.

"నష్టం వస్తుంటే ఆపేయొచ్చు కదా నాన్నా" అంటే "నీకు తెలీదమ్మా, ఆపితే ఇంకా పోతుంది" అన్నారు. పైగా దసరా ఆర్డర్లు వస్తే రోజుకి నాలుగు బస్తాల బదులు ఐదు వేద్దామంటున్నారు. నాన్న రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. పాఠంలో ఉన్నది మా షెడ్డుకి ఎక్కడ వర్తిస్తుందో ఎవరైనా విడమరిచి చెప్పగలరా?

పద్దుల మాస్టారు:

అమ్మా, పలాసలో జీడి ఫ్యాక్టరీలకి ఇరవై రెండేళ్లు పద్దులు రాశాను. నువ్వు వేసిన లెక్క బాగుంది. మీ నాన్నగారు చెప్పిందీ నిజమే. రెండింటికీ మధ్య ఉన్న మెట్టు ఒక్కటి నీకు కనబడలేదు, అది చెబుతాను.

ముందు ధర సంగతి. 320 అంటే ఏమిటో నీకు తెలిసే ఉంటుంది. ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండు (విరగని) పప్పులు తూగాలి. 240 అంటే 220 నుంచి 240. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. మీ షెడ్డులో గ్రేడు చేసిన 320 టిన్నునీ పక్క వీధి షెడ్డు టిన్నునీ పక్కపక్కన పెడితే కొనేవాడికి తేడా ఉండదు. పలాస చుట్టూ ఇలాంటి యూనిట్లు వందల్లో ఉన్నాయి. మీ నాన్నగారు కిలోకి ఐదు రూపాయలు ఎక్కువ చెబితే బ్రోకరు ఫోన్ పెట్టేసి ఇంకొకరికి చేస్తాడు. పోనీ పలాస అంతా ఒక్కమాట మీద నిలబడినా, పప్పు ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం వియత్నాంది, పిక్కల పంటలో ఐవరీ కోస్టుది. ఆ లోకంలో మనం గుప్పెడు. మీ పుస్తకంలో దీన్నే సంపూర్ణ పోటీ అంటారు. అచ్చంగా అలాంటిది ఎక్కడా ఉండదు గాని, దానికి దగ్గరగా ఉన్నది చూడాలంటే మన పలాస చూడాలి. ఇక్కడ ఇంకో కిలో అమ్మితే వచ్చేది ఆ రోజు ధరే. కాబట్టి ఉపాంత రాబడీ ధరా ఒకటే. ధర మన చేతిలో లేదు, ఎన్ని బస్తాలు ఆడించాలన్నదే మన చేతిలో ఉంది.

ఇప్పుడు ఆపాలా వద్దా అన్నది. షెడ్డు అద్దె, కిస్తీ, వాచ్‌మన్ జీతం ఫ్యాక్టరీ ఆపినా కట్టాల్సిందే. ఆపితే నెలకి లక్ష పోతుంది. ఆడిస్తే బస్తా మీద 14,700లోంచి 14,400 తీసేయగా 300 మిగులుతుంది, వంద బస్తాలకి 30 వేలు. ఆ 30 వేలు లక్షలో కొంత పూడ్చి నష్టాన్ని 70 వేలకి దించుతుంది. మీ నాన్నగారు ఎకనామిక్స్ చదవలేదు గాని ఆ 30 వేలు ఆయనకి తెలుసు. సగటు ధర 686కి పడిపోయిన రోజు ఆ 300 మాయమవుతుంది. మీ పాఠంలోని మూసివేత బిందువు అదే. స్థిర ఖర్చులు కూడా గిట్టాలంటే 734 రావాలి. ఈ రెండు అంకెల మధ్య ఉన్నంతకాలం నష్టంతోనే ఆడించాలి. అది మూర్ఖత్వం కాదమ్మా.

ఐదో బస్తా విషయంలో మాత్రం మీ నాన్నగారిని ఆపు. సాయంత్రం ఐదు దాటాక కటింగ్ దగ్గర కూర్చుని చూడు. పొద్దున్న గుండుగా దిగిన పప్పు ఆ వేళకి బద్దలవుతుంది. చెయ్యి అలిసిపోతుంది, వెలుగు చాలదు, కత్తి అరవెంట్రుక లోపలికి దిగుతుంది. డ్రైయర్ నుంచి తొందరగా తీస్తే పొట్టు ఊడక పీలింగులో గిల్లాల్సి వస్తుంది, అక్కడ ఇంకొన్ని విరుగుతాయి. ఐదో బస్తాలో నాలుగు కిలోల గుండు బద్దగా మారిందనుకో. కిలోకి 150 తేడా ఉంటే 600 పోయినట్టే. ఓవర్‌టైం కూలి ఇంకో 300. అంటే ఆ ఒక్క బస్తా ఖర్చు 2,400 కాదు, 3,300. పిక్కలతో కలిపి 15,300. వచ్చేది 14,700. మొదటి నాలుగు బస్తాలూ తలా 300 మిగిల్చితే ఐదోది 600 తినేస్తుంది. బోర్డు మీద మీ లెక్చరర్ గీసే ఉపాంత వ్యయ రేఖ పైకి ఎందుకు లేస్తుందో ఆ కత్తి దగ్గరే చూడొచ్చు.

చివరిగా ఒక పొరపాటు. ఇది నువ్వే కాదు, పెద్ద పెద్ద షావుకార్లు చేయగా చూశాను. పిక్కల ఖర్చు 12,000 అని రాశావు. అది ఏప్రిల్‌లో పెట్టిన డబ్బు. ఆ డబ్బు మళ్లీ రాదు. ఇవాళ లెక్కలోకి రావాల్సింది ఇవాళ ఆ బస్తాని పిక్కలుగానే అమ్మేస్తే ఎంతొస్తుందన్నది. 12,600 వస్తుందంటే, దానికి 2,400 కలిపితే 15,000. పప్పు తీసి 14,700కి అమ్మడం కంటే గోడౌన్‌లోంచే అమ్మేయడం మేలు. అదే ఇవాళ పిక్కలు 11,400 ఉంటే బస్తాకి 900 మిగులుతుంది, హాయిగా ఆడించండి. ఏప్రిల్ ధర తలుచుకుని ఈ రెండు నిర్ణయాల్లో ఏదీ చేయకూడదు. ఆ తలపుతోనే సరుకు బిగబట్టి మునిగిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

ఉద్దానం రైతు:

మాస్టారూ, ఫ్యాక్టరీ వాళ్ల చేతిలో ధర లేదంటున్నారు. మరి మా చేతిలో ఏటుంది? మాది వజ్రపుకొత్తూరు మండలం, మూడెకరాల జీడి తోట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి సగం చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. సరుకు తక్కువైంది కదా, ధర పెరుగుతాదనుకున్నాం. మాకైతే ఎవరూ పెంచలేదు. మా ఊళ్లో కొనేవాళ్లు ముగ్గురే. మదుపుకి డబ్బు ముందే ఇస్తారు, పిక్కలు వాళ్లకే వెయ్యాలి. ముగ్గురి దగ్గరా ఒకటే రేటు. 2023లో బస్తాకి 16,000 ఇవ్వాలని రోడ్డెక్కాం. కేంద్రం మద్దతు ధర ఇచ్చే పంటల్లో వరి ఉంది, మొక్కజొన్న ఉంది, జీడి లేదు. దీన్ని మీ పాఠంలో ఏమంటారో చెప్పండి.

పద్దుల మాస్టారు:

తమ్ముడూ, నీ బాధ న్యాయమైనది. దానికీ పాఠం ఉంది. అమ్మేవాడు ఒక్కడైతే ఏకస్వామ్యం అంటాం. కొనేవాడు ఒక్కడే అయితే దాన్ని ఇంగ్లీషులో మోనాప్సనీ అంటారు. అప్పుడు ఏం జరుగుతుందో 1933లో జోన్ రాబిన్సన్ అనే బ్రిటన్ ఆర్థికవేత్త విడమరిచి చెప్పింది. మీ ఊళ్లో ముగ్గురూ ఒక్కమాట మీద ఉంటే ఒక్కడి కిందే లెక్క.

నువ్వు ఆ కొనేవాడి స్థానంలో ఉండి చూడు. 11,000 చొప్పున వంద బస్తాలు వస్తున్నాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర అతనికి 12,300 వస్తుంది. ఇంకో పది బస్తాలు కావాలంటే 11,150 ఇవ్వాలి. కానీ ఒక ఊళ్లో రెండు రేట్లు దాగవు, మొదటి వందకీ అదే ఇవ్వాలి. 110 బస్తాలకి 12,26,500 అవుతుంది. అంతకుముందు 11 లక్షలు. ఆ పది బస్తాలకి అదనంగా పెట్టింది 1,26,500, అంటే బస్తాకి 12,650. వచ్చేది 12,300. అందుకే అతను పెంచడు, తక్కువ కొంటాడు, తక్కువే ఇస్తాడు.

ఇప్పుడు ప్రభుత్వం 12,000కి తక్కువ కొనకూడదని గట్టిగా నిలబెట్టిందనుకో. ఇంకో బస్తా కొంటే అతనికి పడేది 12,000 మాత్రమే, వెనకటి వందకి పెంచే బెడద లేదు. అప్పుడు ధరా పెరుగుతుంది, కొనే బస్తాలూ పెరుగుతాయి. మద్దతు ధర పెడితే కొనుగోళ్లు తగ్గిపోతాయని భయపెట్టేవాళ్లకి మీ ఊరి లెక్క చూపించు. అయితే గేటు దగ్గర 12,300 పలుకుతున్న రోజున 16,000 అంటే మాత్రం వాళ్లు ఓడల మీద వచ్చే ఆఫ్రికా పిక్కల వైపు పోతారు. ప్రభుత్వమే కొంటే తప్ప ఆ అంకె నిలబడదు. నీకు నచ్చని మాటే, దాచి ప్రయోజనం లేదు. నాకు తెలిసి మీకు వెంటనే ఊపిరి పోసేది మదుపు డబ్బు ఇంకో చోట దొరకడం. అప్పు సంఘం నుంచో బ్యాంకు నుంచో వచ్చిన ఏడాది, నాలుగో కొనుగోలుదారుని నువ్వే పిలవగలవు.

విజయనగరం మిఠాయి కొట్టు:

మాది గంటస్తంభం దగ్గర చిన్న కొట్టు. పలాస పప్పు తెప్పించి కాజూ బర్ఫీ చేస్తాం. అమ్మాయి అడిగిన ధర నిర్ణయించడం అనేది మా దగ్గర నిజంగానే జరుగుతుంది కాబట్టి రాస్తున్నాను.

కిలో 800కి రోజుకి 20 కిలోలు అమ్ముతాం. కిలోకి సరుకూ కూలీ 560. ఒక నెల 760 చేసి చూశాను. 23 కిలోలు పోయాయి. గల్లాపెట్టె 16,000 నుంచి 17,480కి పెరిగిందని సంతోషించాను. మా ఆవిడ రాత్రి కూర్చుని లెక్క వేసింది. మూడు కిలోలు ఎక్కువ అమ్మితే ఎక్కువ వచ్చింది 1,480, ఆ మూడు కిలోల ఖర్చు 1,680. రెండు వందలు చేతి నుంచి పడింది. తర్వాత 840 పెట్టాం, 17 కిలోలకి పడిపోయింది. 1,720 రాబడి తగ్గింది, ఖర్చు తగ్గింది 1,680. మళ్లీ 800కే వచ్చేశాం. మా రుచికి అలవాటుపడినవాళ్లు నలభై రూపాయలకి పక్క కొట్టుకి పోరు గాని, అందరూ ఉండిపోరు కూడా.

కాశీబుగ్గ అమ్మాయి:

సార్, మీ ఆవిడగారు వేసింది అచ్చంగా ఉపాంత రాబడి లెక్క! కిలో 760కి అమ్మినా ఇంకో కిలో మీద వచ్చింది 493 మాత్రమే, ఎందుకంటే పాత 20 కిలోల మీద కూడా నలభై వదులుకున్నారు. మా సిలబస్‌లో అమెరికా ఆర్థికవేత్త ఛాంబర్లిన్ చెప్పిన ఏకస్వామ్య పోటీ (అమ్మేవాళ్లు చాలామంది ఉన్నా ఎవరి సరుకు ప్రత్యేకత వారిది) ఇదే. అదీ 1933లోనే. మాస్టారూ, మరి సిమెంటు? కొత్త షెడ్డుకి ధరలు అడిగితే నాలుగు బ్రాండ్లూ ఇంచుమించు ఒకటే చెప్పారు. కరెంటు సంగతి ఎలా?

పద్దుల మాస్టారు:

కరెంటుకి మన రెండు జిల్లాలకీ పంపిణీ సంస్థ ఒక్కటే. ఒకే వీధిలో రెండు కంపెనీలు స్తంభాలు వేయడం దండగ కాబట్టి ఒక్కదాన్నే ఉండనిచ్చి, రేటు మాత్రం విద్యుత్ నియంత్రణ మండలి విచారణ జరిపి నిర్ణయిస్తుంది.

సిమెంటు కొద్దిమంది పెద్దలది. ఒకరు తగ్గిస్తే మిగతావాళ్లూ తగ్గిస్తారు, ఒకరు పెంచితే ఎవరూ పెంచకపోవచ్చు, అందుకని ధర కదలక నిలబడటం కూడా ఉంటుంది. ఒకటే ధర ఉన్నంత మాత్రాన కుమ్మక్కు అని చెప్పలేం. కూడబలుక్కున్నారని తేలితే మాత్రం చట్టవిరుద్ధం. 2012లో కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంటు కంపెనీలకి ఆరు వేల కోట్లకి పైగా జరిమానా వేసింది. తర్వాత అది అప్పీళ్లలోకి వెళ్లింది. నాకు పప్పు తెలిసినంత సిమెంటు తెలీదు, ఇంతకంటే చెప్పను.

కాశీబుగ్గ అమ్మాయి:

నిన్న సాయంత్రం ఐదున్నరకి కటింగ్ దగ్గర కూర్చున్నాను. ఒక పళ్లెంలో వంద పప్పులు ఎంచాను, బద్దలు ముప్పై ఒకటి. పొద్దున్న అదే అక్క పళ్లెంలో పద్నాలుగు. నాన్నకి రెండు పళ్లేలూ చూపించాను. ఐదో బస్తా మాట మళ్లీ ఎత్తలేదు.

ఇవాళ బ్రోకరుని పిక్కల ధర అడిగించాను. మా సరుకుకి 11,500 చెప్పాడు. అంటే ఇవాళ్టి లెక్కలో 13,900 ఖర్చు, బస్తాకి 800 మిగులు, నెలకి 80 వేలు. లక్షకి ఇంకా 20 వేలు తక్కువ. ఏప్రిల్ ధరకీ ఇవాళ్టి ధరకీ ఉన్న తేడా ముందే పోయిందని నాన్నకి చెప్పడం కష్టమైంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మనం ఒక్క నెల మూస్తే ఈ పద్దెనిమిది మందీ పక్క షెడ్డుకి పోతారు, దీపావళికి మళ్లీ పిలిస్తే చెయ్యి తిరిగినవాళ్లు రారు. అది నీ పుస్తకంలో ఎక్కడ రాశావు?" అని అడిగారు. రాయలేదు. ఇవాళ రాశాను.

రోజుకి నాలుగు బస్తాలు. సగటు ధర 662కి దిగితే పిక్కలు అమ్మేసే మాట మాట్లాడదామన్నారు. ఆ అంకె పుస్తకం మొదటి పేజీలో ఆయనే పెద్దగా రాసుకున్నారు.