అన్ని చెరువుల ఏజెంట్లకూ ఒకే కీనా, దేనికదే విడి కీనా?

ఉండి కాలువ:
ఆకివీడు, కాళ్ల వైపు వనామి రొయ్యల చెరువుల గట్ల మీద మా కంపెనీ చిన్న కంప్యూటర్లు పెట్టింది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, ఏరేటర్లు తిరుగుతున్నాయా లేదా అన్నది ఒక్కోదాంట్లో ఉన్న జాబిక్స్ ఏజెంట్ (జాబిక్స్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ తాలూకు చిన్న ప్రోగ్రాం) సర్వర్‌కి పంపుతుంది. మొదట్నుంచీ అన్నిటికీ ఒకటే పీఎస్‌కే కీ (డేటాని ఎన్‌క్రిప్ట్ చేయడానికి ఏజెంట్‌లోనూ సర్వర్‌లోనూ ముందే పెట్టుకునే రహస్య కీ). మొన్న ఒక షెడ్డులోంచి ఆ కంప్యూటర్ డబ్బాని ఎవరో పట్టుకుపోయారు. కీ మార్చాలంటే గట్లన్నీ తిరగాలి, మార్చకపోతే టెన్షన్. దేనికది విడి కీ ఇచ్చి, మూడు నెలలకోసారి మార్చేద్దామని నేనంటున్నాను. మేనేజర్ గారు వద్దంటున్నారు. మీరేమంటారు?

పాలకొల్లు సర్వర్:
మీ మేనేజర్ గారి మాటే రైటండీ. టార్చిలైటు వెలుతురులో 64 అక్షరాల కీ కొట్టే కుర్రాడి సంగతి ఆలోచించండి. ఒక్క అక్షరం తప్పితే ఆ చెరువు జాబిక్స్ పోర్టల్లో ఎర్రబడుతుంది. నాలుగు రోజులు అలాగే ఉంటే ఇక ఆ ఎరుపుని ఎవరూ పట్టించుకోరు. దొంగకి కావాల్సింది డబ్బా, బ్యాటరీ. మీ కీతో వాడికేం పని?

అమలాపురం అడ్మిన్:
దొంగకి లేకపోవచ్చు. మానేసి వెళ్లిన టెక్నీషియన్‌కి ఉండొచ్చుగా! ఆ కీ ఉన్నవాడు ఏ చెరువు పేరుతోనైనా సర్వర్‌కి అంకెలు పంపగలడు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారుగట్ల డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. చెరువులో నిజంగా 2 ఉండి పోర్టల్లో 5 కనిపిస్తే ఏరేటర్లు వేయాల్సిన మనిషి హాయిగా నిద్రపోతాడు, పొద్దున్నకి రొయ్యలు తేలతాయి. విడి కీలుంటే పోయిన డబ్బా హోస్ట్‌ని (పోర్టల్లో ఆ డబ్బా పేరుతో ఉన్న ఎంట్రీని) డిజేబుల్ చేస్తే చాలు, మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. ఒకే కీ ఉన్నచోట పోయిందని తెలిసినా ఎవరూ మార్చరు.

ఇక కీ చేత్తో ఎవరు కొట్టమన్నారండీ? ఆఫీసులోనే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాంతో 32 బైట్ల కీ (అవే మీరన్న 64 అక్షరాలు) తయారుచేసి, ఫైల్లో పెట్టి, ఏజెంట్ యూజర్ తప్ప ఇంకెవరూ చదవకుండా పర్మిషన్లు బిగించి డబ్బాని గట్టుకి పంపండి.

కాళ్ల కుర్రాడు:
గట్ల మీద తిరిగేది నేనే కాబట్టి రెండు మాటలు. వెతకడం సులువని పీఎస్‌కే ఐడెంటిటీలో (కీని గుర్తుపట్టడానికి పెట్టే పేరులో) రైతు పేరు, ఫోన్ నంబరు పెడుతున్నారు. కీ అయితే బయటికి పోదు గానీ, ఐడెంటిటీ నెట్‌వర్క్ మీద ఎన్‌క్రిప్ట్ కాకుండానే వెళ్తుంది. జాబిక్స్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది. చెరువు కోడ్ పెడితే చాలదా? రెండోది, ఆటోరిజిస్ట్రేషన్ (కొత్త డబ్బా తనంతట తానే సర్వర్‌లో చేరడం) పెట్టుకుంటే చేరినప్పటి ఉమ్మడి కీయే హోస్ట్‌కి ఉండిపోతుంది. విడి కీ తర్వాత మనమే మార్చాలి. ఆ పని ఎవరూ చేయరు.

పాలకొల్లు సర్వర్:
సరే, విడి కీలకి ఒప్పుకుంటాను. మూడు నెలల గడువుకి మాత్రం ససేమిరా. పాస్‌వర్డ్‌లు ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్లే 2017లో చెప్పారు.

అమలాపురం అడ్మిన్:
అది మనుషులు గుర్తుపెట్టుకునే పాస్‌వర్డ్‌ల మాట. మాటిమాటికీ మార్చమంటే జనం చివర 1 తీసి 2 పెడతారని. మెషిన్ కీకి ఆ గొడవే లేదు. అయినా గడువు దగ్గర నేనూ మీ పక్షమే, కారణం వేరు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఒక ఐఏఎం యూజర్‌కి (అక్కడి లాగిన్ ఖాతాకి) రెండు యాక్సెస్ కీలు ఉండొచ్చు, కొత్తది పనిచేస్తోందని చూసుకున్నాక పాతది ఆపొచ్చు. జాబిక్స్‌లో హోస్ట్‌కి ఒకటే పీఎస్‌కే. రెండు వైపులా మార్చేదాకా డేటా ఆగుతుంది. అందుకని మనిషి మానేసినా, డబ్బా పోయినా, రిపేరుకి బయటికెళ్లి వచ్చినా మార్చండి, క్యాలెండర్ చూసి కాదు. అదీ ఎండ బాగా కాసే మధ్యాహ్నం, డీఓ ఎక్కువగా ఉండే వేళ. ఏపీఐ టోకెన్లకి (వేరే ప్రోగ్రాములు జాబిక్స్‌లోకి వెళ్లడానికి వాడే రహస్య కోడ్‌లకి) మాత్రం గడువు ఉండాల్సిందే. అడ్మిన్ హక్కులున్న టోకెన్‌తో హోస్ట్‌లనే చెరిపేయొచ్చు.

ఉండి కాలువ:
అయితే పోయిన డబ్బా హోస్ట్‌ని ఇప్పుడే డిజేబుల్ చేసేస్తాను.

కాళ్ల కుర్రాడు:
చేసి ఏం లాభమండీ? ఆ డబ్బాలోని కీ మిగతా అన్నిటికీ పనిచేస్తుందిగా. రొయ్యల పట్టుబడికి దగ్గర పడ్డ చెరువులతో కీలు మార్చడం మొదలెట్టండి. మబ్బు పట్టిన రోజు మాత్రం వద్దు, మధ్యాహ్నమైనా డీఓ అంతగా పెరగదు.