అప్‌డేట్: తడి ఆహారానికి మార్చాక కుక్కకి మలం పల్చబడటం

డ్రై ఫుడ్ నుంచి క్యాన్ ఫుడ్‌కి మార్చిన కుక్కకి మలం ఎందుకు జారుగా వస్తోందని ఇక్కడ అడిగాను. ఇప్పుడు గట్టిపడింది. తేలిందేమిటో రాస్తున్నాను.

చాలామంది తడినే అనుమానించారు. తడి ఆహారంలో నీరు 75 శాతం పైమాటే, అయినా ఆ నీటిని పేగులు చాలావరకు పీల్చేసుకుంటాయి. అసలు చూడాల్సింది కొవ్వు. లేబుల్ మీద 5 శాతమే కదా అనిపిస్తుంది; నీరు 78 శాతం ఉంటే మిగిలిన 22లో 5, అంటే పొడి లెక్కన (నీరు తీసేసి చూస్తే) దాదాపు 23 శాతం. కొవ్వు 14, నీరు 10 శాతం ఉన్న డ్రై ఫుడ్‌లో ఇదే లెక్క 15.6 దగ్గరే ఆగుతుంది. ఒక్కసారిగా మారిస్తే పేగు తట్టుకోలేదు మరి.

కుదిరిన పద్ధతి: మళ్లీ పాత తిండికి వెళ్లి, మలం గట్టిపడ్డాక పావు వంతు కొత్తది కలపడం. రెండు మూడు రోజులకోసారి సగం, ముప్పావు, పూర్తిగా. ఏ మెట్టులో జారినా అక్కడే ఆగాలి. కొలత గ్రాముల్లో కాదు, క్యాలరీల్లో: డ్రై ఫుడ్ గ్రాముకి సుమారు 3.5, క్యాన్‌ది 1. అలాగని కొలవకుండా గిన్నె నింపితే మళ్లీ మొదటికే.

గార్ గమ్, క్యారజీనన్ లాంటి చిక్కబరిచే పదార్థాలు కొన్ని కుక్కలకి పడవు. అన్నీ సరిగ్గా చేసినా తగ్గకపోతే బ్రాండ్ మార్చి చూడొచ్చు.

తెరిచిన డబ్బా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. మలంలో రక్తం, వాంతులు, నీరసం కనిపిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికే.