బై పెట్టాల్నా, అంటిల్ పెట్టాల్నా, వితినా? తల పగిలిపోతుంది

కుషాయిగూడ 304: పొద్దున్నుంచి ఇదే పని. అపార్ట్‌మెంట్ నోటీసు ఇంగ్లీషుల నాలుగుసార్లు మార్చిన. బై అంటే ఒకాయన తప్పంటడు, అంటిల్ అంటే ఇంకొకాయన. ఏది కరెక్టో ఒక్క ముక్కలో చెప్పుర్రి ప్లీజ్.

నల్లకుంట ప్రూఫ్: వాక్యం పెట్టండి.

పదాల పిచ్చి: అంటిల్‌ని కుదిస్తే టిల్ అయిందనుకుని ముందు అపాస్ట్రఫీ తగిలించి, ఒక్క ఎల్‌తో సరిపెట్టేస్తుంటారు. నిజానికి టిల్లే పాత మాట, అంటిల్ తర్వాత వచ్చింది. రెండు ఎల్‌లతో టిల్ అని నోటీసులో నిక్షేపంగా రాయొచ్చు.

నల్లకుంట ప్రూఫ్: ఆయన అడిగింది అది కాదు.

కుషాయిగూడ 304: మామూలు వాక్యమే అన్నా. మెయింటెనెన్స్ 10వ తారీఖు లోపు కట్టాలె.

తార్నాక టీచర్: అయితే "పే బై ది టెన్త్". కట్టడం ఒక్కసారితో అయిపోయే పని, తెలుగులో కల్లా, లోపు అంటామే, అక్కడ బై. సాగుతూ ఉండే పనికి అంటిల్: "ఆఫీస్ ఈజ్ ఓపెన్ అంటిల్ సిక్స్". "పే అంటిల్ ది టెన్త్" అంటే పదో తారీఖు దాకా కడుతూనే ఉండమన్నట్టు. తికమకంతా మన 'వరకు'తోనే. "10 వరకు కట్టొచ్చు" అంటే గడువు సాగుతోంది కాబట్టి "యూ కెన్ పే అంటిల్ ది టెన్త్" సరే. "కట్టాలి" అన్నారా, బై. వితిన్ పక్కన తారీఖు కాదు, వ్యవధి రావాలి: "వితిన్ టెన్ డేస్". దాన్నే "ఇన్ టెన్ డేస్" అంటే పది రోజులు పోయాక అనుకునేవాళ్లే ఎక్కువ.

సెక్షన్ సారు: 1897 జనరల్ క్లాజెస్ యాక్టు, 9వ సెక్షన్ చూడండి. ఫ్రమ్ అంటే మొదటి రోజు లెక్కలోకి రాదు, టు అంటే చివరి రోజు వస్తుంది. ఒకటో తారీఖు "ఫ్రమ్" పది రోజులంటే 11 దాకా టైముంటుంది.

నల్లకుంట ప్రూఫ్: అది కేంద్ర చట్టాలకి. మెయింటెనెన్స్ నోటీసుకి కాదు.

సెక్షన్ సారు: లెక్కపెట్టే పద్ధతి అదే కదండీ.

కుషాయిగూడ 304: అసలు లొల్లి రెండో లైన్ మీద. "నో మంజీరా వాటర్ అంటిల్ థర్స్‌డే" అని పెట్టిన. గురువారం నీళ్లొస్తయా రావా అని గ్రూపుల కొట్లాట.

నల్లకుంట ప్రూఫ్: ఇది ముందే చెప్పాలి.

తార్నాక టీచర్: మామూలుగా చదివితే గురువారం వస్తాయి. కానీ "గురువారం దాకా రావు" అని తెలుగులో అన్నా ఇదే పేచీ. అమెరికా వాళ్లయితే "త్రూ థర్స్‌డే" అంటారు, గురువారం కూడా కలిపి అని. మన అపార్ట్‌మెంట్లో అది ఎంతమందికి తడుతుంది? ఆగే రోజు వదిలేసి వచ్చే రోజు, గంట రాయండి: "వాటర్ విల్ రెజ్యూమ్ ఆన్ థర్స్‌డే ఎట్ 6 ఎ.ఎం." 12 ఎ.ఎం. మాత్రం వద్దు. అది అర్ధరాత్రా మధ్యాహ్నమా అని మళ్లీ మొదలు.

మల్కాజ్‌గిరి భయ్యా: ఒక్క నిమిషం. పది లోపు అంటే తొమ్మిదికే అయిపోవాలె కదా? బై అంటే పది కూడా కలుస్తది. రెండూ ఒకటెట్లయితయి?

తార్నాక టీచర్: వాడుకలో పది కూడా కలిపే అంటామండీ. అనుమానముంటే "ఆన్ ఆర్ బిఫోర్ ది టెన్త్" రాయండి, వాదనే ఉండదు.

మల్కాజ్‌గిరి భయ్యా: లోపు అంటే లోపలే మేడం.

పదాల పిచ్చి: లోపు, లోపల, లోగా మూడింటికీ తేడా ఉంది, చెప్పమంటారా?

కుషాయిగూడ 304: పెట్టేసిన. థాంక్స్ అన్నా, థాంక్స్ మేడం.

మల్కాజ్‌గిరి భయ్యా: ఏది పెట్టినవ్?