మగపిల్లలకు హెచ్‌పీవీ టీకా ఎందుకు?

తూనీగ:
మా వాడికి పదకొండేళ్లు. హెచ్‌పీవీ (లైంగికంగా సోకే హ్యూమన్ పాపిల్లోమా వైరస్) టీకా వేయిద్దామంటే ఇంట్లో నవ్వారు. "గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మగపిల్లాడికా?" అని. మీరేమంటారు?

నిమ్మచెట్టు:
అక్కర్లేదంటాను. అమ్మాయిల్లో ఎక్కువమందికి వేస్తే వైరస్ తిరగడమే తగ్గిపోతుంది. ఆస్ట్రేలియాలో 2007లో అమ్మాయిలకే మొదలుపెట్టారు. కొన్నేళ్లకే కుర్రాళ్లలోనూ ఈ వైరస్‌తో వచ్చే జననాంగాల పులిపిర్లు బాగా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ముందు 9–14 ఏళ్ల ఆడపిల్లలకే అంటోంది.

గాలిపటం:
సగమే చెప్పారు. అదే ఆస్ట్రేలియా 2013లో అబ్బాయిలకూ మొదలుపెట్టింది. మీరన్న రక్షణ అమ్మాయిల్లో చాలామంది టీకా వేయించుకున్న చోటే దొరుకుతుంది. మగవాళ్లతోనే సంబంధం ఉండే మగవాళ్లకి అక్కడా దొరకదు. పైగా ఈ వైరస్ గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లకూ కారణమే. ఆడవాళ్లకైతే ముందే కనిపెట్టే స్క్రీనింగ్ ఉంది, మగవాళ్లకి అలాంటిది మామూలుగా చేయరు.

నిమ్మచెట్టు:
కండోమ్ ఉందిగా? అయినా చాలామందికి ఈ వైరస్ ఒకట్రెండేళ్లలో దానంతటదే పోతుంది కదండీ.

గాలిపటం:
పోతుంది, నిజమే. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన కొద్దిమందితోనే చిక్కు. కండోమ్ తప్పకుండా వాడాల్సిందే, ముప్పు తగ్గుతుంది. కానీ ఇది చర్మం తగిలితే అంటుకునేది, కండోమ్ కప్పని చోటు నుంచి కూడా రావచ్చు.

అలికిడి:
మధ్యలో దూరుతున్నా. ఇంత చిన్న వయసులో ఎందుకు, పెళ్లీడుకి చూడొచ్చుగా? టీకాతోనే ఆ జబ్బు వస్తే?

గాలిపటం:
రాదండీ. అందులో ఉండేది వైరస్ పైపొర ప్రొటీనే, జన్యుపదార్థం ఉండదు. ఇక వయసంటారా, టీకా రాబోయేదాన్ని ఆపుతుంది, ఒంట్లో ఉన్నదాన్ని పోగొట్టదు. అందుకే లైంగిక జీవితం మొదలవకముందే వేయాలి. టీకా వేయించుకున్న అమ్మాయిలు కూడా తర్వాత స్క్రీనింగ్ మానకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి హెచ్‌పీవీ 16, 18 రకాలే కారణం, మిగతావాటికి వేరే రకాలున్నాయి.

నిమ్మచెట్టు:
సరే, కానీ డోసులు చాలనప్పుడు అబ్బాయికి వేసే డోసు ఒక అమ్మాయికి దక్కకుండా పోయినట్టేగా?

గాలిపటం:
కొరత ఉంటే అమ్మాయిలకే ముందు, అందులో నాకూ పేచీ లేదు. అది ప్రభుత్వాలు తేల్చుకోవాల్సిన లెక్క. తూనీగ గారు అడిగింది వాళ్లబ్బాయి సంగతి. డాక్టర్ సరేనంటే, టీకా దొరుకుతుంటే, వేయించొద్దనడానికి కారణమేంటో మీరింకా చెప్పలేదు.

తూనీగ:
వాళ్లక్కకి పద్నాలుగు, తనకీ వేయించలేదు. ఇద్దరి గురించీ అడిగొస్తా.