అప్‌డేట్: బ్రెకర్ బ్రదర్స్‌లో దేనితో మొదలుపెట్టాలని అడిగాను కదా

జాజ్‌ని, ఫంక్‌ని (బీటు మీద నడిచే నృత్య సంగీతం) కలిపి వాయించిన అమెరికన్ అన్నదమ్ముల బృందం బ్రెకర్ బ్రదర్స్ 1975 మొదటి ఆల్బమ్ ముందు వినాలా, 1978 'హెవీ మెటల్ బీ-బాప్' ముందు వినాలా అని అడిగాను. ఎక్కువమంది మొదటిదే అన్నారు, సరే అని అలాగే విన్నాను. బాగుంది, ముఖ్యంగా డేవిడ్ శాన్‌బోర్న్ ఆల్టో శాక్సఫోన్ కూడా కలిసి మూడు ఊదుడు వాద్యాలు ఒకే గొంతులా పలికే చోట్లు. కానీ నన్ను పట్టేసింది మాత్రం రెండోదే అండీ.

అందులో తొలి పాట 'ఈస్ట్ రివర్' తప్ప మిగతాదంతా న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని ఒక క్లబ్బులో లైవ్‌గా రికార్డు చేసిందే. అన్న రాండీ ట్రంపెట్‌కి, తమ్ముడు మైకేల్ టెనర్ శాక్సఫోన్‌కి ఎలక్ట్రానిక్ ఎఫెక్టులు తగిలించేశారు, కొన్నిచోట్ల అది ట్రంపెటో గిటారో తేల్చుకోలేక వెనక్కి జరిపి మళ్లీ వినాల్సి వచ్చింది (బారీ ఫినర్టీ గిటారు వేరే ఉంది, అది ఇంకో తలనొప్పి).

'సమ్ స్కంక్ ఫంక్' రెండింటిలోనూ ఉంది కాబట్టి పక్కపక్కన పెట్టి వినండి. స్టూడియోలో హార్వీ మేసన్ డ్రమ్స్ ఒద్దికగా ఉంటాయి, లైవ్‌లో టెర్రీ బోజియో అదే పాటని తరుముకుంటూ పోతాడు. ఇతను అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా దగ్గర వాయించినవాడని ఇక్కడ ఎవరో చెప్పారు, ఆ పోకడ తెలుస్తూనే ఉంది. ఫంక్ అలవాటు లేనివాళ్లకైతే మొదటిదే నయం, రాక్ వినేవాళ్లు నేరుగా రెండోదానికి వెళ్లిపోవచ్చు.