సీ డ్రైవ్ నిండిపోయింది, బ్యాకప్ ఉందో లేదో నాకే తెలీదు. బొమ్మల ఫైళ్ళు ఎట్టా సర్దుకోవాలి?

కావలి కుంచె:
అందరికీ నమస్కారం. కావలిలో ఇంటి దగ్గరే పిల్లల కథలకు బొమ్మలు వేస్తాను, ముహూర్తాల సీజన్‌లో పెళ్ళి కార్డులు కూడా. క్రిటాలో గీసి, అక్షరాలు ఫోటోషాప్‌లో పెడతాను. పాత డెస్క్‌టాప్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (సీ డ్రైవ్), 1 టీబీ హార్డ్ డిస్క్ (డీ డ్రైవ్). సీ డ్రైవ్ ఎర్రగీతకు వచ్చి నెలయింది. రోజుకోసారి "స్క్రాచ్ డిస్క్ ఫుల్" అంటుంది, అంటే పని మధ్యలో ఫోటోషాప్ తాత్కాలికంగా వాడుకునే జాగా నిండిందట.

అసలు బాధ వేరే. ఒకే కార్డుకు "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అని మూడున్నాయి. మొన్న ప్రెస్సుకు తప్పుది పంపాను. పెళ్ళికొడుకు ఇంటిపేరు దిద్దని ఫైలది. 300 కార్డులు అచ్చయ్యాక చూశారు. డబ్బులు నేనే పెట్టుకున్నాను, అది కాక ఆ పెళ్ళింటి పెద్దాయన ముందు తల ఎత్తుకోలేకపోయాను.

మొత్తం బొమ్మలు 400 జీబీ దాకా ఉంటాయి. ఎక్కువ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి, కొన్నిటికి సీలోనూ కాపీ ఉంది, కొన్ని గూగుల్ డ్రైవ్ సింక్ ఫోల్డర్‌లో ఉన్నాయి. ఇది చాలదా?

ఒంగోలు గిత్త:
చాలదు. సింక్ అంటే అద్దం లాంటిది. ఇక్కడ మీరు చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత అదీ పోతుంది. ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి ఆ హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూడండి. నీలం వస్తే పర్వాలేదు. పసుపు వస్తే ఇక్కడ చెప్పండి.

పెన్నా పిక్సెల్:
అమ్మా, నా కథ చెప్తాను, అప్పుడు ఎందుకింత గట్టిగా చెప్తున్నానో తెలుస్తుంది. 2021 నవంబరులో సోమశిల నుంచి నీళ్ళు వదిలితే పెన్న పొంగింది కదా, అప్పుడు మేం నెల్లూరులో ఏటి పక్కనే అద్దెకుండేవాళ్ళం. సిస్టమ్ నేల మీద, బ్యాకప్ డిస్క్ అదే బల్ల కింది సొరుగులో. రెండు కాపీలున్నాయని ధీమా నాకు. రెండూ ఒకే రాత్రి ఒకే బురదలో మునిగాయి. తర్వాత సొరుగు లాగితే రాలేదు, చెక్క ఉబ్బిపోయింది. చివరికి నాకు మిగిలినవి కస్టమర్లకు వాట్సాప్‌లో పంపిన జేపెగ్‌లే. వాటిలో లేయర్లు, అంటే విడివిడిగా దిద్దుకునే పొరలు, ఉండవు, అచ్చుకూ పనికిరావు.

అందుకే మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరు దాటించి. దీన్నే 3-2-1 పద్ధతి అంటారు. మీకైతే సిస్టమ్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, అట్టాంటిదే ఇంకో డిస్క్ వేరే ఊళ్ళో బంధువుల ఇంట్లో. డిస్కులు కాపీ అయ్యేటప్పుడు తప్ప సిస్టమ్‌కు తగిలించి ఉంచొద్దు. వైరస్ వచ్చి ఫైళ్ళకు తాళం వేస్తే తగిలించి ఉన్నదానికీ వేస్తుంది.

క్లౌడ్‌లో మొత్తం పెడదామనుకోవద్దు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్, ఫోటోలు కూడా. డబ్బు కట్టినా, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో 400 జీబీ ఎక్కాలంటే దాదాపు రెండు రోజులు ఆగకుండా నడవాలి. మన కరెంటు సంగతి మీకు తెలుసు. ఈ ఏడాది పనుల్లో అచ్చుకెళ్ళినవి మాత్రం అక్కడ పెట్టండి.

సీ డ్రైవ్‌లో విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఈ వారం నడుస్తున్న పని. అంతే. స్క్రాచ్‌ను హార్డ్ డిస్క్‌కు మార్చమని చాలామంది చెప్తారు, నాకైతే నచ్చదు. పెద్ద ఫైలు తెరిస్తే సిస్టమ్ ఈడుస్తుంది. సీ ఖాళీ చేయడమే మందు.

పేర్ల విషయానికొస్తే, "ఫైనల్" అనే మాటను ఇంట్లోంచి బహిష్కరించండి. ముందు తేదీ, ఏడాది నెల రోజు వరుసలో: 2025-02-09. తర్వాత పని పేరు, చివర 01, 02, 03. ఇట్టా పెడితే ఫోల్డర్‌లో వాటంతటవే వరసగా నిలబడతాయి. ప్రెస్సుకు పంపేవాటికి "అచ్చుకు" అని విడిగా ఒక ఫోల్డర్, అందులో ఒక పనికి ఒక్కటే ఫైలు. కొత్తది పెట్టేముందు పాతది తీసేయాలి. ఇట్టా చేసుంటే ఆ 300 కార్డులు తప్పుగా అచ్చయ్యేవి కాదు. ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి, ప్రెస్సుల్లో పాత సిస్టమ్‌లకు తెలుగు పేరు వెళ్తే డబ్బాలు కనిపిస్తాయి.

ఉదయగిరి ఉలి:
నేను నాలుగు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకుంటా. ఇంతవరకూ ఏం కాలేదు.

ఒంగోలు గిత్త:
అన్నా, ఏ బొమ్మ ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందో చెప్పగలవా?

ఉదయగిరి ఉలి:
అది అడగొద్దు.

కావలి కుంచె:
చూశాను. పసుపు వచ్చింది. "కాషన్" అంటుంది. టెన్షన్‌గా ఉంది. ఫోల్డర్లన్నీ సర్దేసి తర్వాత కాపీ తీసుకోనా?

పెన్నా పిక్సెల్:
వద్దమ్మా! పసుపంటే డిస్క్ పాడవుతోందని సూచన. ఇప్పుడు సర్దొద్దు, డీఫ్రాగ్ (డిస్క్‌లో ఫైళ్ళ ముక్కలను ఒకచోటికి చేర్చే పని) చేయొద్దు, దానిలోకి కొత్తగా ఏమీ రాయొద్దు. చిందరవందరగా ఉన్నా ఉన్నది ఉన్నట్టు కొత్త డిస్క్‌లోకి లాగండి. ముందు మళ్ళీ గీయలేనివి, అంటే లేయర్లున్న క్రిటా, ఫోటోషాప్ ఫైళ్ళు. జేపెగ్‌లు ఆఖరున. టిక్ టిక్ శబ్దం వస్తే వెంటనే ఆపేయండి. సర్దుడు కొత్త డిస్క్‌లో చేసుకోవచ్చు.

ఆ తర్వాత వారంవారం కాపీకి ఫ్రీఫైల్‌సింక్ వాడండి. అందులో "మిర్రర్" నొక్కొద్దు, ఇక్కడ లేనిదాన్ని అక్కడా తీసేస్తుంది. "అప్‌డేట్" పెట్టి, వెర్షనింగ్ ఆన్ చేయండి. పాత ఫైలు మీద కొత్తది పడినా పాతది ఒక పక్కన ఉంటుంది. నెలకోసారి బ్యాకప్ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఏవో మూడు ఫైళ్ళు తెరిచి చూడండి. నేను మునగకముందు ఒక్కసారీ తెరవలేదు. అవి తెరుచుకునేవో లేదో ఇప్పటికీ తెలీదు.

ఒంగోలు గిత్త:
ఒకటి మర్చిపోయారు. అను ఫాంట్లు, అదే డీటీపీలో తెలుగుకు వాడేవి. కార్డుల్లో తెలుగంతా వాటితోనే కదా? కొత్త సిస్టమ్‌లో ఆ ఫాంటు లేకపోతే ఇంటిపేరుకు బదులు ఇంగ్లీషు అక్షరాల కిచిడీ వస్తుంది, అది యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు. ఫాంట్లు, బ్రష్‌లు, క్రిటా సెట్టింగుల ఫోల్డరు, ఇవి సీ డ్రైవ్‌లో ఎక్కడో దాక్కుని ఉంటాయి. అవీ కాపీలో ఉండాలి.

కావలి కుంచె:
నిన్న బజారుకెళ్ళి రెండు డిస్కులు తెచ్చాను. మొదటిదానికి రాత్రి పది నుంచి కాపీ నడిచింది, పొద్దున్నే లేచి చూస్తే అయిపోయింది. రెండు ఫైళ్ళు మాత్రం చదవలేనంటుంది. ఒకటి మా బాబు మూడో పుట్టినరోజు పోస్టరు, పోతే పోనీ. రెండో డిస్క్ ఈసారి ఒంగోలు వెళ్ళినప్పుడు అక్కకు ఇస్తాను, బీరువాలో చీరల మధ్య పెడతానంది. అన్నీ అయిపోయాయని కాఫీ పెట్టుకుని కూర్చుంటే ఫాంట్ల మెసేజ్ చూశాను. మళ్ళీ తగిలిస్తున్నా.