గుల్లల్లో ఒత్తిడి కనిపిస్తే నేరం చెరువులదేనా?

జంతుశాస్త్ర విద్యార్థిని, కాకినాడ:
కాకినాడ అఖాతంలోని గుల్లల్లో ఆక్సీకరణ ఒత్తిడి (కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ పదార్థాలు గుల్ల రక్షణకు మించి పెరగడం) కొలిస్తే చాలు, రొయ్యల చెరువుల నీరు చేస్తున్న హాని రుజువవుతుందని మా తరగతిలో సగం మంది వాదన. నేను ఒప్పుకోను. గాడేరు, కోరింగ పాయల గుండా గౌతమి నీరు ఈ అఖాతంలోకే వస్తుంది. వరద ఎర్రనీరు రాగానే ఉప్పదనం పడిపోతుంది, గుల్ల చిప్పలు బిగించుకుంటుంది. మళ్లీ తెరిచాక ఆక్సిజన్ ఒక్కసారిగా అందితే కణాల్లో సూపర్ ఆక్సైడ్ లాంటి దూకుడు పదార్థాలు పెరగవచ్చు. ఇందులో విషం ఎక్కడుంది?

తాళ్లరేవు వాసి:
అమ్మా, వరద గోదావరికి కొత్త కాదు. గుల్లలు దానికి అలవాటుపడే ఇన్నాళ్లూ బతికాయి. వరద కొన్ని నెలలే. రొయ్యల పట్టుబడి అయిన ప్రతిసారీ చెరువు నీరు మడ్డితో సహా కాలువలోకి వదలడం మాత్రం ఏడాదంతా ఉంటుంది. నాచు చావడానికి మైలుతుత్తం చల్లేవాళ్లూ ఉన్నారు. అందులోని రాగి కణంలోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ అనే, కణాన్ని దెబ్బతీసే పదార్థం పుడుతుంది. దాన్ని నిర్వీర్యం చేసే ఎంజైము ఏదీ లేదు. నెపం వరద మీదకు నెట్టడం సులువే.

చెరువు రైతు, కోనసీమ:
అన్నీ మా నెత్తినేనా అండీ? మేము తోడుకునేదీ ఆ కాలువ నీరే. పాడు నీరు వస్తే ముందు మునిగేది మా రొయ్య. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక చెరువులు పెరిగిన మాట నిజం. మరి పట్టణాల మురుగు, ఓడరేవు, పడవల డీజిల్ ఎవరి ఖాతాలో రాస్తారు?

విశ్రాంత అధ్యాపకుడు, రాజమహేంద్రవరం:
ముందు కొలత సంగతి తేల్చండి. కాటలేజ్, సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే రక్షక ఎంజైములు ఒత్తిడి కొద్దిగా ఉన్నప్పుడు పెరుగుతాయి, మరీ మీదపడితే తగ్గిపోతాయి. కాబట్టి తక్కువ అంకె కనబడితే గుల్ల సుఖంగా ఉందో, అలిసి చేతులెత్తేసిందో ఆ అంకె ఒక్కటే చెప్పదు. గుడ్లు పెట్టే కాలంలోనూ అంకెలు మారతాయి. ఎండలు ముదిరినా అంతే. కొవ్వు పొరలు దెబ్బతిన్న గుర్తుగా మాలోన్‌డైఆల్డిహైడ్ కొలవాలి, మాంసంలో రాగి, కాడ్మియం ఎంతున్నాయో చూడాలి. కాడ్మియం రాగిలా నేరుగా రాడికల్స్ పుట్టించదు, కణానికి కాపలా కాసే గ్లూటాథయోన్‌ను పట్టేసుకుని గుల్లకు రక్షణ లేకుండా చేస్తుంది. ఒకే చోట ఏరిన, ఒకే సైజు గుల్లలను వల సంచుల్లో వేరువేరు చోట్ల ఉంచి పోల్చాలి. ఆ చోట్ల ఉప్పదనం దాదాపు సమానంగా ఉండాలి. లేకపోతే ఇద్దరి వాదనా గాలికి పోతుంది.

తాళ్లరేవు వాసి:
సరే మాస్టారూ. కానీ తినేవాళ్ల సంగతి? గుల్లకు ఒత్తిడి ఉందంటే మాకూ ప్రమాదమేనా?

విశ్రాంత అధ్యాపకుడు:
కాదు, అది వేరే ప్రశ్న. గుల్లలోని ఎంజైము మీకేమీ చేయదు. మాంసంలో చేరిన లోహం చేస్తుంది, దాని కొలత విడిగా జరగాలి. ఒత్తిడి లేని గుల్లలోనూ లోహం ఉండవచ్చు.

జంతుశాస్త్ర విద్యార్థిని:
అయితే సంచులు డిసెంబరులో కడదాం. వరద తగ్గి ఉంటుంది, ఎండలు మొదలుకావు. అప్పుడూ తేడా కనిపిస్తే నా వాదన బలహీనపడినట్టే, అది ఇప్పుడే చెబుతున్నాను. సంచులు ఎవరూ ఎత్తుకుపోకుండా చూసే పూచీ మాత్రం తాళ్లరేవు వారిది!

చెరువు రైతు, కోనసీమ:
మా కాలువ నోటి దగ్గర ఒకటి కట్టుకోండి, అభ్యంతరం లేదు. పట్టణం మురుగు కలిసే చోట రెండోది కట్టకపోతే మాత్రం ఆ లెక్క నేను ఒప్పుకోను.